కదలకు, నేనున్నాగా

జూన్ 11

విరిగింది. కుడి తుంటి.

పడుకుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు పాకుతున్నాయి. ఎవరికీ చూపించడానికి కాదు. ఇంజక్షన్ మత్తు దిగిపోయాక అరవకుండా ఉండటానికి ఏదో ఒకటి చెయ్యాలి, అందుకు.

బాత్రూంలో జారలేదు. మెట్ల మీద నుంచి దొర్లలేదు. మంచం పక్కన ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు తొడుక్కుంటూ పడ్డాను. ఆరింటి క్లాసుకి టైమైపోతోంది. కాలు గొట్టంలో ఇరుక్కుంది, ఒళ్ళు ఒక పక్కకి వాలింది, అంతే. ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళకి కారు నేర్పుతున్నాను. లారీకి ఎదురెళ్ళిన వాళ్ళున్నారు, బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి కొట్లోకి పోనిచ్చిన వాళ్ళున్నారు. ఒంటి మీద ఒక్క గీత పడలేదు. చివరికి ప్యాంటు పడేసింది.

మా ఆయన పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చారు. ముందు నా ప్యాంటు పైకి లాగారు, తర్వాత ఏమైందని అడిగారు. లాగినప్పుడు నేను పెట్టిన కేకకి కింది వాటా వాళ్ళు కూడా పైకొచ్చారు.

జూన్ 12

ఎముకల డాక్టర్ ఎక్స్‌రే కిటికీ వైపు పట్టి చూపించాడు. నా ఎముక పాత చాపలా ఉంది. నిలబడిన చోట పడితే విరగాల్సిన ఎముక కాదట, బలం లేక విరిగిందట. ఇంతకు ముందేమైనా విరిగిందా అన్నాడు. మూడేళ్ళ కింద మణికట్టు అన్నాను. అప్పుడు ఎముకల టెస్టు చేయించమని ఎవరూ చెప్పలేదా అన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. చెప్పారు. ఇద్దరం విన్నాం. కట్టు విప్పేశాక మర్చిపోయాం.

రేపే ఆపరేషన్. తొడ ఎముక చివర విరిగిన బంతి తీసేసి మెటల్‌ది పెడతారు. ఆయన బయటికెళ్ళి వాళ్ళ అక్కకి ఫోన్ చేసి వచ్చారు. ఈ వయసులో కత్తి ఎందుకు, మూడు నెలలు కదలకుండా పడుకుంటే అదే అతుక్కుంటుంది అందిట వదిన. డాక్టర్‌కి అదే అప్పజెప్పారు. డాక్టర్ విసుక్కోలేదు. పడుకోబెడితే తుంటితో ఆగదండీ, ఛాతీలో నెమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి, రక్తం గడ్డకడుతుంది, మంచమే పెద్ద జబ్బవుతుంది అన్నాడు.

కాలు నాది కాబట్టి సంతకం నేనే పెడతానన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు.

జూన్ 14

ఆపరేషన్ అయిన మర్నాడే లేపి నిలబెట్టారు. తమాషా అనుకున్నాను. ఫిజియో అమ్మాయి వాకర్ తెచ్చి నా ముందు పెట్టి, లేవండి ఆంటీ అంది. పాతికేళ్ళుంటాయి, జుట్టు బిగించి కట్టింది, మొహంలో నవ్వన్నది లేదు. మిలిటరీ అని పేరు పెట్టాను.

లేచాను. కళ్ళు బైర్లు కమ్మాయి. రెండడుగులు వేసి ఇంక నా వల్ల కాదన్నాను. మూడోది వేసి చెప్పండి అంది. నేను నా స్టూడెంట్లతో సరిగ్గా ఇలాగే మాట్లాడతాను. ఇంత అసహ్యంగా ఉంటుందని ఇవాళే తెలిసింది.

ఆయన మంచానికి అవతలి పక్క నిలబడి చేతులు చాచి, మెల్లగా, మెల్లగా, చాలు, చాలు అంటున్నారు. మీరు కాసేపు బయటుండండి అంకుల్ అంది మిలిటరీ.

జూన్ 19

ఇల్లు. మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు. అంబులెన్స్ వాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి బీరువా మోసినట్టు మోశారు. మలుపు దగ్గర, ఇటు వంచు, అటు వంచు అనుకున్నారు. నన్నే.

జూన్ 25

నిజం రాయాలి. ఆయన చేస్తున్నంత సేవ ఎవరూ చెయ్యరు.

పెళ్ళైన దగ్గర్నుంచి తాగిన గ్లాసు తీసి సింకులో వేసి ఎరగరు. రిటైరయ్యాక ఈ ఆరేళ్ళూ పేపర్ చదవడం, చదివిన పేపర్ మీద కోప్పడటం, నేను ఎప్పుడొస్తానా అని బాల్కనీలో నిలబడటం. ఇప్పుడు పొద్దున్నే లేచి నీళ్ళు కాస్తున్నారు. సూప్ చేస్తున్నారు. బెడ్‌పాన్ పెట్టి తీస్తున్నారు, మొహం చిట్లించకుండా. కాళ్ళ మధ్య దిండు జారితే నిద్రలో కూడా తెలుస్తుంది ఆయనకి, లేచి సర్దుతారు. కొత్త బంతి ఊడిపోకుండా కాలు మీద కాలు వెయ్యకూడదు, కింద కూర్చోకూడదు. నాకంటే ఆయనకే ఎక్కువ గుర్తు.

నేను కొంచెం కదిలితే చాలు, కదలకు, నేనున్నాగా అంటారు.

జూలై 3

వచ్చిన వాళ్ళందరికీ ఆయన నేను పడిన కథ చెబుతారు. ప్యాంటు సంగతి చెప్పలేదు. బాత్రూంలో జారిందన్నారు. అది సరే, మర్యాద. కానీ కథ రోజూ పెరుగుతోంది. మొదట్లో చప్పుడు విని పరిగెత్తారు. తర్వాత పడబోతుంటే చూశారు. ఇవాళ మా వదిన ముందు చెయ్యి పట్టుకుని ఆపారు, ఆయనే లేకపోతే తల పగిలేది.

వదిన కళ్ళు తుడుచుకుని, మా తమ్ముడు దేవుడు, నువ్వు పెట్టి పుట్టావు అంది. పుట్టాను. మంచంలో.

జూలై 10

ఇవాళ నడవలేదు. ఆయన వద్దన్నారు. నాకూ బద్ధకంగానే ఉంది.

జూలై 17

ఇల్లంతా మార్చేశారు. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు, కమోడ్ పక్కన ఒకటి, షవర్ కింద ఒకటి. గుమ్మాల దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాలు తీయించారు. తివాచీ చుట్టి అటక మీదికి. మంచం పక్కన చిన్న లైటు. మడమకి పట్టీ ఉన్న చెప్పులు. కళ్ళ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నారు. అన్నీ నన్ను నడిపించడానికి ఇంటికొచ్చే మిలిటరీ చెప్పినవే, తు.చ. తప్పకుండా చేశారు. చూస్తే ముచ్చటేసింది.

నడవడం ఒక్కటే మిగిలింది. వాకర్ బాల్కనీలో ఉంది. గదిలో ఉంటే నేను ఒంటరిగా లేస్తానని భయమట. కావాలంటే పిలు, తెస్తాను అన్నారు. పిలిచాను. కూర మాడిపోతోంది, పది నిమిషాలు ఆగమన్నారు. నిద్రపోయాను.

జూలై 26

ఎప్పుడూ నిద్రే. మిలిటరీ వారమైంది రాలేదు. అడిగితే లీవులో ఉంది, వాళ్ళ ఇంట్లో ఏదో ఫంక్షన్ అన్నారు.

ఆగస్టు 3

అమ్మాయి వచ్చింది, రెండ్రోజులుండి వెళ్ళింది. మా ఒక్కగానొక్క కూతురు, బస్సులో నాలుగు గంటల దూరంలో ఉంటుంది. నా ఒళ్ళు తుడుస్తూ తొడ చూసి చెయ్యి ఆపేసింది. నేనూ చూశాను. కుడికాలు పక్కింటి వాళ్ళ కాలులా ఉంది. కండ లేదు, చర్మం వేలాడుతోంది.

వంటింట్లో నాన్నతో గుసగుసలాడింది. వెళ్ళేటప్పుడు నా నుదుటి మీద చెయ్యేసి, నాన్న ఎంత చేస్తున్నారమ్మా, ఆయన చెప్పినట్టు విను అంది. చిన్నప్పుడు దానికి జ్వరమొస్తే నేనూ ఇలాగే చెయ్యేసి అబద్ధాలు చెప్పేదాన్ని.

ఆగస్టు 6, మధ్యాహ్నం 12

ఆయన కూరగాయలకి వెళ్ళారు. బెల్లు మోగింది. పడుకునే, తలుపు తీసే ఉంది రండి అని అరిచాను. మిలిటరీ. పక్క వీధిలో ఎవరికో మోకాలు చూసి వెళ్తూ ఆగిందట. గుమ్మంలోనే నిలబడి, మీరు నన్ను రావద్దన్నారని తెలుసు ఆంటీ, తిట్టినా సరే, ఒక్కసారి చూసిపోదామని వచ్చాను అంది.

నేనెప్పుడు వద్దన్నాను అన్నాను.

అంకుల్ ఫోన్ చేశారు అంది. ఆంటీకి నువ్వంటే పడటం లేదు, వేరే అమ్మాయిని పెట్టుకున్నాం అన్నారట.

తర్వాత తను బల్ల మీద మందులు చూసింది. రాత్రి వేసుకునే తెల్ల బిళ్ళ ఎవరిస్తున్నారంది. ఆయనే అన్నాను. ఆస్పత్రిలో నిద్రకి రాసిందే, వారం రోజులకి రాసింది. ఇంకా నడుస్తోంది. ఇది వేసుకుని లేస్తే ఖాయంగా పడతారు, డాక్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి ఎలా మానాలో కనుక్కుంటాను అంది. చేసింది.

బాల్కనీలోకెళ్ళి వాకర్ తెచ్చింది. దాని మీద లుంగీ ఆరేసి ఉంది. లుంగీ తీసి కుర్చీ మీద పడేసి, లేవండి అంది.

లేవలేకపోయాను. ఆపరేషన్ అయిన మర్నాడు లేచిన దాన్ని, ఇప్పుడు లేవలేకపోయాను. మిలిటరీ కేకలెయ్యలేదు. నేల మీద నా పాదాల దగ్గర కూర్చుంది. భయపడి కూర్చుంటే కండ పోతుంది ఆంటీ, కండ పోతే పడతారు, పడతారని ఇంకా కూర్చోబెడతారు అంది. ఆంటీ అనకు, మేడమ్ అను అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మేడమ్, లేవండి అంది.

మూడోసారికి లేచాను.

ఆగస్టు 6, సాయంత్రం

ఆయన్ని అడిగాను. కూరగాయల సంచి కింద పెట్టకుండానే అడిగాను.

ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఆ పిల్ల నిన్ను ఏడిపిస్తోంది, చూడలేకపోయాను అన్నారు. ఏడిస్తే ఏడుస్తాను, కాలు నాది అన్నాను. నువ్వు పడ్డ చప్పుడు నువ్వు వినలేదు, నేను విన్నాను అన్నారు. అది ఆయన నిజంగానే అన్నారు. ఆ చప్పుడు రోజూ వినపడుతోందిట.

నేను కరిగిపోయేదాన్నే. కానీ ఆయన అక్కడ ఆపలేదు. ఆరేళ్ళ నుంచి పొద్దున్నే వెళ్ళిపోయి చీకటి పడ్డాక వస్తావు, ఈ రెండు నెలల నుంచే కదా మనకొక ఇల్లున్నట్టుంది అన్నారు.

అన్నాక ఆయనకే వినపడినట్టుంది. సంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు.

ఆగస్టు 7

జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆగస్టు 22

మిలిటరీ రోజూ వస్తోంది. ఆయన తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, బాల్కనీలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడతారు. నేను కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, లేవడం. గోడ పట్టుకుని కాలు పక్కకి ఎత్తడం. ఒంటికాలి మీద నిలబడటం కూడా నేర్పుతోంది, పక్కనే తనుండి. ఇకనుంచి ప్యాంటు మాత్రం కూర్చుని తొడుక్కోండి మేడమ్ అంది. మొదటిసారి నవ్వింది. పళ్ళు ఎత్తు పాపం, అందుకే నవ్వదు కాబోలు.

వాకర్ పోయి కర్ర వచ్చింది.

సూప్‌లో ఉప్పుండటం లేదు. అడగలేదు. ఇంటికొచ్చిన వాళ్ళు కూడా తగ్గారు. నడిచే మనిషిని చూడ్డానికి ఎవరొస్తారు. వదిన ఒక్కతే వచ్చి, నేను హాల్లో నడుస్తుంటే చూసి, మా తమ్ముడు చిక్కిపోయాడు అంది.

సెప్టెంబర్ 4

సెకండ్ గేర్ ఫోన్ చేసింది. నా పాత స్టూడెంటు. నేర్చుకున్నన్నాళ్ళూ రెండో గేరు దాటి వెయ్యనని మొండికేసేది, ఇప్పుడు మా డ్రైవింగ్ స్కూల్లో తనే రెండో కారు నడుపుతుంది. మేడమ్, మీ కారుకి రెండో వైపు పెడల్స్ పీకేయిస్తుంటే మెకానిక్ షెడ్‌లో చూశాను, కడుపు తరుక్కుపోయింది, అమ్మేస్తున్నానని ఒక్క మాట చెప్తే నేనే తీసుకునేదాన్ని కదా అంది.

నా కారు. నా వైపు బ్రేకు, నా వైపు క్లచ్. ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని ఇరవై ఏళ్ళు ఎంతమంది ప్రాణాలు కాపాడానో.

కారు ఆయన పేరు మీద ఉంది. కొన్నప్పుడు ఆయన ఆఫీసులో లోను తేలిగ్గా వస్తుందని అలా రాయించాం.

పక్క గదిలోనే ఉన్నారు. పేపర్ తిప్పిన చప్పుడు వినపడుతోంది. లేచి వెళ్ళి అడగడానికి కాళ్ళున్నాయి ఇప్పుడు. వెళ్ళలేదు.

సెప్టెంబర్ 5

అమ్మాయికి ఫోన్ చేశాను. దానికి తెలుసు. ఆగస్టులో వంటింట్లో గుసగుసలు అవే. నీ మంచికేనమ్మా, ఇంక ఆ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో ఎందుకు, నాన్న నీ కోసం ఎంత చేశారు అంది. చేశారు. నా మలం ఎత్తారు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనరు, అనకపోవడం ఆయన మంచితనం. ఆయన తరఫున అందరూ అంటున్నారు.

కారు అమ్మే ముందు నన్ను అడగాలని నీకైనా అనిపించలేదా అన్నాను. నువ్వు నిద్రపోతున్నావమ్మా అప్పుడు అంది.

సెప్టెంబర్ 19

మెట్లు.

మిలిటరీ కింద మెట్టు మీద నిలబడింది, నేను పైన. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కోసిన కాలు ముందు, చెయ్యి రెయిలింగ్ వదలకూడదు. మలుపు దాకా దిగి, కాళ్ళు చచ్చుబడి, అక్కడే గోడకానుకుని ఏడ్చాను. మిలిటరీ ఫోన్ చూసుకుంటున్నట్టు నటించింది.

తర్వాత మిగతావి దిగాను. వీధి. ఎవరో స్కూటర్ స్టార్ట్ అవక తంటాలు పడుతున్నారు. ఒక కుక్క. ఇస్త్రీ బండి. ఇంత చూడటానికి ఇన్నాళ్ళు పట్టింది.

పైకి చూస్తే బాల్కనీలో ఆయన. చెయ్యి ఊపాను. లోపలికెళ్ళిపోయారు.

అక్టోబర్ 6

డాక్టర్ దగ్గరికి నేనూ సెకండ్ గేర్ వెళ్ళాం. ఆయన తలనొప్పిగా ఉందన్నారు. ఎముక గట్టిపడటానికి ఇంజక్షన్ ఇచ్చారు, ఆర్నెల్లకోసారి మానకుండా వేయించుకోవాలి. ఈసారి కాగితం మడిచి ఆయనకివ్వలేదు, నా పర్సులో పెట్టుకున్నాను. కారు నేర్పొచ్చా అన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి, తన అరచెయ్యి నా పాదానికి ఎదురు పెట్టి, పిల్లాడు అడ్డొచ్చాడనుకోండి, తొక్కండి అన్నాడు. తొక్కాను. డాక్టర్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. చాలు చాలు అన్నాడు.

అక్టోబర్ 9

చెప్పేశాను.

స్కూలు వెనకాల గది ఉంది. రోడ్డు గుర్తులు చెప్పడానికి వాడేవాళ్ళం, ఇప్పుడు టైర్లు పెట్టుకున్నారు. కిందే, మెట్లు లేవు. టైర్లు తీయించి సున్నం వేయించింది సెకండ్ గేర్. బాత్రూంలో కడ్డీ కూడా. అక్కడుంటాను, ఆదివారాలు వస్తాను అన్నాను ఆయనతో.

ఈ వయసులో విడిపోతానంటావా అన్నారు.

విడిపోవడం లేదు, మెట్లు దిగుతున్నానంతే అన్నాను.

నేనూ రానా అని ఆయన అడుగుతారేమోనని చూశాను. అడిగితే ఏం చెప్పాలో రెండు రోజుల నుంచి ఆలోచించి పెట్టుకున్నాను కూడా. రండి అనేదాన్ని. ఆయన అడగలేదు. కారు సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. అక్కడ పడితే ఎవరు చూస్తారు అన్నారు. ఎవరో ఒకరు అన్నాను. ఎవరో ఒకరా అన్నారు. ఆ మాట ఆయనకి నా పడటం కంటే గట్టిగా తగిలినట్టుంది.

బట్టలు సర్దుతుంటే మడమ పట్టీ చెప్పులు తెచ్చి సూట్‌కేస్ పక్కన పెట్టారు.

అక్టోబర్ 14

గదికి రబ్బరు వాసన పోలేదు. బాగుంది.

అమ్మాయి ఫోన్‌లో ఏడ్చింది, జనం నవ్వుతారంది. వదిన చెయ్యనే లేదు. నా గురించి అందరికీ ఏం చెబుతోందో నాకు తెలుసు, నేనైనా అదే చెబుతాను: కాలు నిలబెట్టిన మొగుణ్ణి కాలు రాగానే తన్నేసింది.

పొద్దున్న సెకండ్ గేర్ కారులో నా సీట్లో కూర్చున్నాను. నడిపే అమ్మాయికి నాకంటే ఎక్కువ వణుకు. మలుపులో పాలవ్యాను అడ్డొచ్చింది. తొక్కాను. ఆగింది. తుంటి దగ్గర కలుక్కుమంది, పళ్ళు బిగబట్టి, మళ్ళీ స్టార్ట్ చెయ్యి అన్నాను.

నవంబర్ 2

ఆదివారం ఇంటికెళ్ళాను. మెట్లు కర్రతో ఎక్కాను. ఇల్లు అద్దంలా ఉంది, ఎక్కడి కడ్డీలు అక్కడే మెరుస్తున్నాయి. నా మంచం పక్కన నీళ్ళ గ్లాసు, మూత పెట్టి. మంచం మీద దిండు, రెండు కాళ్ళ మధ్య పెట్టుకునేది, కొత్త గలీబు తొడిగి.

అన్నం తిన్నాం. కాసేపు పడుకోరాదూ అన్నారు. క్లాసుంది అన్నాను. లేదు క్లాసు.

నవంబర్ 25

ఆయన ఫోన్ చేశారు. పడ్డావా అన్నారు.

లేదన్నాను.

నిజంగానా అన్నారు.

నిజంగానే అన్నాను. ఎందుకో సారీ అని కూడా అన్నాను.

సరేలే, రేపు చేస్తాను అన్నారు.